చలికి కెమెరా మొరాయిస్తే...

 

చలికాలం వచ్చిందంటే మన ఇళ్ళలో రెండు పనులు మొదలవుతాయి. అటకమీది పెట్టె దింపి స్వెట్టర్లూ రగ్గులూ ఎండలో వేసుకోవడం ఒకటి. "ఈసారి సెలవులకి ఎక్కడికెళ్దాం?" అని ఇంటిల్లిపాదీ వాదులాడుకోవడం రెండోది. దగ్గర్లో చాలనుకునేవాళ్ళు లంబసింగి, అరకు వెళ్తారు. పిల్లలకు మంచు చూపించాలనుకునేవాళ్ళు మనాలి, కశ్మీరు అంటారు. అమ్మాయి పురిటికని డిసెంబరులో అమెరికా విమానం ఎక్కే తల్లులూ మనలో తక్కువేం కాదు. ఇక బదరీ కేదారాల యాత్ర వేసవిలో మొదలై దీపావళి దాకా సాగుతుంది కానీ, అక్కడ ఏ నెలలో వెళ్ళినా తెల్లవారుజామున చలి చలే.

ప్రయాణం అనేసరికి మనం జంతికలు దగ్గర్నుంచి జండూబామ్ దాకా అన్నీ సర్దుతాం. పసిపిల్లలకి చెవులకి టోపీలు, పెద్దవాళ్ళకి మోకాళ్ళ పట్టీలు మర్చిపోం. కానీ అంత దూరం వెళ్ళి, తీరా ఫొటో తీయబోయే వేళకి కెమెరా "నా వల్ల కాదు" అని కళ్ళు మూసేస్తుంది. ఇంటాయన చిరాకుపడతారు. పిల్లలు ముఖాలు మాడ్చుకుంటారు. "పాడైపోయింది, ఊరెళ్ళాక రిపేరుకిద్దాం" అని సంచిలో పడేస్తారు.

ఈ వారం మీకు చెప్పబోయేది ఆ సంగతే. చలిలో మొరాయించిన కెమెరా చాలాసార్లు పాడైపోయింది కాదు. దానికి చలేసింది, అంతే! కాస్త వెచ్చదనం చూపిస్తే లేచి కూర్చుంటుంది. నిజంగా పాడయ్యేది చలిలో కాదు, చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చినప్పుడు. ఈ రెండు ముక్కలూ గుర్తుంటే చాలు, సగం బెంగ తీరినట్టే. ఇక్కడ కెమెరా అంటున్నానే కానీ, మీ చేతిలోది సెల్‌ఫోనైనా చాలా మటుకు ఇవే మాటలు వర్తిస్తాయి.

మన వంటింట్లోనే ఉంది కిటుకు

మిషన్ల సంగతి మనకేం తెలుసు అనుకోకండి. చలికి కెమెరాలో జరిగేవన్నీ మన వంటింట్లో రోజూ చూసేవే.

చలికాలంలో పాలు తోడేస్తే తెల్లారేసరికి తోడుకోవు. అంతమాత్రాన పాలు పాడైనట్టా? కాదు. గిన్నెకి గుడ్డ చుట్టి పొయ్యి దగ్గర వెచ్చగా పెడితే చక్కగా గడ్డ పెరుగవుతుంది. కెమెరా బ్యాటరీ కూడా అంతే. దాని లోపల జరిగే రసాయనిక చర్య చలికి మందగిస్తుంది. లోపల కరెంటు ఉంటుంది కానీ బయటికి రాదు.

చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డ కడుతుంది. తలకి రాసుకుందామంటే రాదు. కెమెరా లెన్సు ముందుకీ వెనక్కీ జరగడానికి వేసిన సన్నటి గ్రీజు కూడా చలికి అలాగే చిక్కబడుతుంది. లెన్సు బద్ధకంగా కదులుతుంది, ఒక్కోసారి సగంలో ఆగిపోతుంది.

ఇక మూడోది, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళసీసా. బల్లమీద పెట్టిన రెండు నిమిషాలకే ఒళ్ళంతా చెమటలు పడుతుంది. ఆ నీళ్ళు సీసాలోంచి కారినవి కావు, గదిగాలిలోని తేమే చల్లటి సీసాకి తగిలి నీళ్ళయింది. మంచులో తిరిగొచ్చిన కెమెరాని వెచ్చటి గదిలో పెడితే దానికీ ఇలాగే చెమట పడుతుంది. సీసాకైతే పైన మాత్రమే, కెమెరాకి లోపల కూడా పడుతుంది. ప్రమాదమంతా అక్కడుంది.

పెరుగు, కొబ్బరినూనె, నీళ్ళసీసా. ఈ మూడూ మనసులో పెట్టుకుని తక్కినది చదవండి.

"బ్యాటరీ అయిపోయింది" అని చూపిస్తే

చలిలో వచ్చే మొదటి తంటా ఇదే. పొద్దున బసలో నిండుగా చార్జి చేసి బయల్దేరతాం. పట్టుమని పది ఫొటోలు తీయకుండానే బ్యాటరీ గుర్తు ఎర్రబడి కెమెరా ఆగిపోతుంది.

చాలా డిజిటల్ కెమెరాలకి ఇచ్చే చిన్న పుస్తకంలో, 0 నుంచి 40 డిగ్రీల మధ్య వాడమని రాసి ఉంటుంది. ఐఫోన్ తయారుచేసే ఆపిల్ కంపెనీ కూడా తమ ఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడుకోమనే చెబుతుంది. సున్నా దాటి కిందికి వెళ్ళగానే ఆగిపోతాయని కాదు. అక్కణ్ణుంచి కంపెనీవాళ్ళు పూచీ పడరన్నమాట. ఇప్పటి కెమెరాల్లోనూ ఫోన్లలోనూ ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. చలి ముదిరేకొద్దీ దాని లోపల కరెంటు నడవడానికి అడ్డంకి పెరుగుతుంది. కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే ఇవ్వలేక చేతులెత్తేస్తుంది. కెమెరా దాన్ని చూసి "బ్యాటరీ ఖాళీ" అనుకుని ఆరిపోతుంది. నిజానికి ఖాళీ కాదు.

అప్పుడేం చేయాలంటే, కెమెరా ఆపేసి బ్యాటరీ బయటికి తీయండి. దాన్ని గుప్పిట్లో గానీ, స్వెట్టరు లోపల చంకకింద గానీ పది నిమిషాలు ఉంచండి. ఒంటి వేడికి అది తేరుకుంటుంది. మళ్ళీ వేస్తే చాలాసార్లు సగానికి పైనే చార్జి చూపిస్తుంది. ఫోనైతే బ్యాటరీ తీయడానికి వీలుండదు కనుక ఫోన్నే లోపలి జేబులో పెట్టుకుని కాసేపాగి ఆన్ చేయండి.

మా ఆడపడుచు వాళ్ళింట్లో జరిగిన సంగతి చెబుతాను. 2018 అక్టోబరులో వాళ్ళ అత్తగారిని బదరీనాథ్ తీసుకెళ్ళారు. ఆవిడకి అప్పటికే డెబ్భై దాటాయి. ఎన్నేళ్ళనుంచో అనుకుంటున్న యాత్ర. బదరీనాథ్ 10,000 అడుగులకు పైన ఉన్న చోటు కదా, తెల్లవారుజామున నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. తప్తకుండంలో స్నానం చేసి, గుడి మెట్లముందు ఆవిడ చేతులు జోడించి నిలబడ్డారట. ముఖంలో వెలుగు చూడాలి అంటుంది మా ఆడపడుచు. కొడుకు కెమెరా తీశాడు. "బ్యాటరీ లేదు" అని చూపించి ఆరిపోయింది. ఫోను కూడా అంతకుముందే ఆరిపోయింది. సరే దర్శనమే ముఖ్యం అనుకుని లోపలికి వెళ్ళిపోయారు. సాయంత్రం బసలో దుప్పట్లోంచి తీసి చూస్తే అదే బ్యాటరీ సగం పైగా ఉంది! మర్నాడు తెల్లారకుండానే తిరుగు ప్రయాణం. మరుసటి ఏడు ఆవిడ కాలం చేశారు. ఇవాళ హాల్లో దండ వేసి ఉన్న ఫొటో ఎవరి పెళ్ళిలోనో తీసింది. ఆ మెట్లముందు ఫొటో లేదు.

పది నిమిషాలు చంకలో పెట్టుకుంటే వచ్చే ఫొటో అది. ఎవర్నీ తప్పుపట్టడానికి చెప్పడంలేదు, ఆ సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

రొంటిన దోపుకోండి

ప్రయాణాల్లో కెమెరా మగవాళ్ళ మెడలో ఉన్నా, సంచి ఉండేది మన భుజానే. కనుక ఈ బాధ్యత మనమే తీసుకుంటే మంచిది. అదే రకం బ్యాటరీ ఇంకొకటి అదనంగా కొనిపెట్టుకోండి. ఒకటి కెమెరాలో ఉంటే రెండోది మన ఒంటి వెచ్చదనంలో ఉండాలి. స్వెట్టరు లోపలి జేబు సరే, చీర కట్టుకునేవాళ్ళు చిన్న గుడ్డసంచిలో పెట్టి రొంటిన దోపుకోవచ్చు. కెమెరాలోది డీలాపడగానే రెండూ మార్చుకోవడం. ఇలా ఒకదాని తర్వాత ఒకటి వెచ్చబెట్టుకుంటూ రోజంతా గడిపేయొచ్చు.

ఒక్క జాగ్రత్త. విడి బ్యాటరీని చిల్లర, తాళాలు, పిన్నీసులు, గొలుసులతో కలిపి పెట్టకండి. బ్యాటరీకి ఉన్న రాగి చుక్కలకి లోహం అడ్డంగా తగిలితే షార్టయి చుర్రుమని వేడెక్కుతుంది. దానికి ఇచ్చిన ప్లాస్టిక్ మూత తొడిగి, విడిగా గుడ్డలో చుట్టి పెట్టండి. విమానంలో వెళ్ళేవాళ్ళు విడి బ్యాటరీలు, పవర్‌బ్యాంకు పెద్దపెట్టెలో వేయకూడదు, చేతిసంచిలోనే పెట్టుకోవాలి.

కొన్ని కెమెరాలకి పెన్సిల్ సెల్స్ వేస్తారు. అలాంటివి ఉన్నవాళ్ళు కిరాణాకొట్లో దొరికే మామూలు ఆల్కలైన్ సెల్స్ నమ్ముకుని మంచులోకి వెళ్ళకండి. అవి చలికి అందరికన్నా ముందు చతికిలబడతాయి. చార్జి చేసుకునే సెల్స్ వాటికన్నా నయం. లిథియం పెన్సిల్ సెల్స్ అని వస్తాయి, ఖరీదెక్కువే కానీ గడ్డకట్టే చలిలో కూడా బాగా పనిచేస్తాయి. చార్జి అవసరం లేదు, ఒకసారి వాడి పారేసేవే.

ఇంకో ముఖ్యమైన మాట. గడ్డకట్టే చలిలో ఉన్న బ్యాటరీని వెంటనే చార్జింగ్‌కి పెట్టకండి. సున్నాకి దిగువన చార్జి చేస్తే బ్యాటరీ లోపల లిథియం పొరలా పేరుకుపోయి శాశ్వతంగా దెబ్బతింటుంది. గదిలోకి తెచ్చి, గదితో సమానంగా వెచ్చబడ్డాకే చార్జింగ్. తొందరపడి కశ్మీరీల కాంగ్డీ కుంపటి మీదో, హోటల్ హీటరు మీదో బ్యాటరీని కాచకండి. ఒంటి వేడిని మించిన వేడి దానికి అక్కర్లేదు.

తెర మసకబారితే, లెన్సు బిగుసుకుంటే

వెనక తెర నల్లబడిందా? బొమ్మ నెమ్మదిగా, నీడలు నీడలుగా కదులుతోందా? భయపడకండి. ఆ తెరలో ఉండేది ఒకరకం ద్రవం. చలికి చిక్కబడి దాని కదలిక మందగిస్తుంది. వెచ్చబడగానే మామూలైపోతుంది. తెర సరిగ్గా కనబడకపోయినా ఫొటో మాత్రం సరిగ్గానే పడుతుంది. కంటితో చూసే అద్దం ఉన్న కెమెరా అయితే అందులోంచి చూసి తీయండి. తెర మీద గట్టిగా నొక్కకండి.

లెన్సు బయటికొచ్చి ఆగిపోయి, "లెన్స్ ఎర్రర్" అని చూపిస్తోందా? ఇది కొబ్బరినూనె కేసు. గ్రీజు చిక్కబడింది, దానికితోడు బ్యాటరీకి బలం చాల్లేదు. చేత్తో లాగడం, తోయడం అస్సలు వద్దు. లోపల పళ్ళచక్రాలు గోరంత ఉంటాయి, విరిగితే ఇక అంతే. కెమెరా ఆపి, కోటు లోపల పావుగంట పెట్టుకుని, వెచ్చటి బ్యాటరీ వేసి మళ్ళీ ఆన్ చేయండి. మామూలుగా కదులుతుంది. మాటిమాటికీ జూమ్ చేయకుండా, నాలుగడుగులు ముందుకి వేసి తీయడం మేలు.

ఫోను తెర వేలికి పలకడంలేదా? అది ఫోను లోపం కాదు, ఉన్ని చేతితొడుగుల లోపం. వేలి స్పర్శ తగిలితేనే ఆ తెర పనిచేస్తుంది. వేలికొస దగ్గర ప్రత్యేకమైన దారంతో నేసిన తొడుగులు దొరుకుతాయి. లేదంటే ఫొటో తీసేంతసేపు ఒక తొడుగు తీసేయండి.

లెన్సు మీద మంచు పొడి పడితే నోటితో ఊదకండి. మన ఊపిరిలోని తేమ అద్దం మీద పడి మంచుపొరలా గడ్డకడుతుంది. మెత్తటి బ్రష్షుతో విదిలించండి.

కెమెరాలో ఉన్న సెన్సరుకి మాత్రం చలంటే హాని లేదు సుమండీ! ఆకాశంలో నక్షత్రాలని ఫొటో తీసే కెమెరాల్లో సెన్సర్ని కావాలనే బాగా చల్లబరుస్తారు. చల్లగా ఉంటే బొమ్మలో చుక్కలు చుక్కలుగా వచ్చే మచ్చలు తగ్గుతాయి.

గదిలోకి తెచ్చేటప్పుడే అసలు గండం

ఇప్పుడు నీళ్ళసీసా కథకి వద్దాం.

మా పక్కింటావిడ కుటుంబం మనాలి వెళ్ళింది. మంచులో రోజంతా ఆడి, సాయంత్రం హీటరు పెట్టిన గదిలోకి రాగానే అందరూ కెమెరా చుట్టూ మూగారు. లెన్సు మీద పొగమంచులా పట్టింది. తుడిచారు, మళ్ళీ పట్టింది. వాళ్ళబ్బాయి తల ఆరబెట్టుకునే డ్రైయర్ తెచ్చి వేడిగాలి కొట్టాడు. పైది ఆరింది కానీ లోపలి తేమ మరింత లోపలికి పోయింది. ఇంటికొచ్చాక చూస్తే లెన్సు లోపల తెల్లటి మరక. రిపేరు ఖర్చు కన్నా కొత్త కెమెరా నయం అన్నారట.

గదిగాలిలో తేమ ఉంటుంది. మనమంతా తడిబట్టలు ఆరేసి, టీ కాచుకుని, నలుగురం ఊపిరి వదిలే గదిలో మరీనూ. ఆ తేమ చల్లటి కెమెరాకి తగలకుండా చూడటమే కిటుకు. అందుకో చవకైన ఉపాయం ఉంది.

గదిలోకి రాకముందే, బయట చలిలో ఉండగానే కెమెరాని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. మనం కరివేపాకు, పచ్చిబఠాణీ ఫ్రిజ్‌లో పెట్టుకునే కవరే. లోపలి గాలి వీలైనంత పిండేసి జిప్ బిగించండి. ఇప్పుడు గదిలోకి తెచ్చినా తేమ కవరు పైనే పడుతుంది, కెమెరా పొడిగా ఉంటుంది. కెమెరా గదితో సమానంగా వెచ్చబడేదాకా కవరు విప్పకండి. చిన్న కెమెరాకి గంట, పెద్దదానికి రెండు మూడు గంటలు పట్టొచ్చు. కవరు ముట్టుకుంటే చల్లదనం తెలియకూడదు, అదే గుర్తు.

"ఫొటోలు ఇప్పుడే చూడాలి" అని పిల్లలు గొడవ చేస్తారు కదా? కవర్లో పెట్టేముందు బయటే మెమరీ కార్డు, బ్యాటరీ తీసి జేబులో వేసుకోండి. కార్డుని వేరే దాంట్లో పెట్టి చూసుకోవచ్చు, బ్యాటరీ వెచ్చబడ్డాక చార్జికి పెట్టుకోవచ్చు.

కవరు దొరకలేదా? కెమెరాని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టి, సంచి జిప్ మూసేసి ఓ మూల వదిలేయండి. కుంపటి, హీటరు, బుఖారీ పొయ్యి దగ్గర మాత్రం కాదు. గదిలో అన్నిటికన్నా చల్లగా ఉండే మూల చూసి పెట్టండి. నెమ్మదిగా వెచ్చబడాలి.

అప్పటికే చెమ్మ పట్టేసి ఉంటే కెమెరా ఆన్ చేయకండి. బ్యాటరీ, కార్డు తీసేసి, మూతలన్నీ తెరిచి, పొడిగా ఉన్నచోట ఒక రోజంతా ఆరనివ్వండి. లెన్సు విడదీసే కెమెరా అయితే ఆ సమయంలో విడదీయకండి. డబ్బాలో పెట్టి సిలికా జెల్ పొట్లాలు వేస్తే ఇంకా త్వరగా ఆరుతుంది. కొత్త చెప్పుల పెట్టెల్లో, హ్యాండ్‌బ్యాగుల్లో "తినకూడదు" అని రాసి ఉండే చిన్న పొట్లాలే అవి. పారేయకుండా మూత బిగుతుగా ఉన్న సీసాలో దాచుకోండి, పసిపిల్లలకి అందనివ్వకండి. బియ్యం డబ్బాలో పెట్టమని చాలామంది చెబుతారు కానీ, వద్దు. బియ్యం అంత బాగా తేమ లాగదు సరికదా, దాని పిండి దుమ్ము సందుల్లోకి దూరుతుంది.

ఈ తంటా మంచుకొండలకే పరిమితం కాదండోయ్. విజయవాడలో మే నెలలో ఏసీ గదిలోంచి పెళ్ళిపందిట్లోకి కెమెరా తెచ్చినా లెన్సు మసకబారుతుంది. సూత్రం ఒకటే. ఏసీ గదిలోంచి అరగంట ముందే సంచితో సహా బయట పెట్టుకుంటే సరి.

లోపం కాని లోపాలు

కొన్ని సంగతులు చూసి కెమెరా పాడైందనుకుంటాం. అవి పాడు కావు.

తెల్లటి మంచు బూడిదరంగులో, మనుషుల ముఖాలు నల్లగా వచ్చాయనుకోండి. ఎదురుగా అంతా తెలుపే ఉండేసరికి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. కెమెరాలో ప్లస్ మైనస్ గుర్తు ఉన్నచోట ప్లస్ 1 వైపు పెట్టండి. కొన్నిటిలో "స్నో" అని ప్రత్యేకంగా ఉంటుంది, అది పెడితే చాలు. ఫోన్లో అయితే మనిషి ముఖం మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపండి.

లంబసింగి వెళ్ళినవాళ్ళకి ఇంకో తంటా. సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. చలి బాగా ముదిరిన ఏడు అక్కడ సున్నా దరిదాపులకి వెళ్తుంది. పొద్దున్నే పొగమంచు ఎంత దట్టంగా ఉంటుందంటే, కెమెరా దేన్ని చూడాలో తెలియక లెన్సు ముందుకీ వెనక్కీ గిర్రున తిరుగుతుంది. దేనికైనా స్పష్టమైన అంచు కావాలి దానికి. నల్లటి చెట్టుమాను అంచో, మనిషి భుజమో చూపించి మీట సగం నొక్కి పట్టుకోండి. కుదిరాక పూర్తిగా నొక్కండి. పొగమంచులో ఫ్లాష్ వేయకండి, ఆ వెలుగు నీటితుంపర్లకి తగిలి ఫొటో నిండా తెల్లటి చుక్కలు పడతాయి. దయ్యాలూ కావు, మచ్చలూ కావు!

ఫొటోలన్నీ కదిలిపోయినట్టు వచ్చాయా? వణికింది కెమెరా కాదు, మన చేతులు. మోచేతులు రెండూ పక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి తీయండి.

తీసినవి పోకుండా

మెమరీ కార్డు చలికి గట్టిదే. చాలా కార్డులు మైనస్ 25 డిగ్రీల దాకా తట్టుకునేట్టు తయారుచేస్తారు. కానీ ఫొటో కార్డులోకి ఎక్కుతుండగా బ్యాటరీ ఆరిపోతే ఆ ఫొటో చెడిపోవచ్చు, ఒక్కోసారి కార్డే తెరుచుకోదు. అందుకే బ్యాటరీ గుర్తు ఎర్రబడగానే గబగబా నాలుగు తీసేద్దామనుకోకండి. వీడియో అసలే వద్దు. ఎర్రదీపం మిణుకుమిణుకుమంటున్నంతసేపూ బ్యాటరీ, కార్డు తీయకండి.

ఒకవేళ కార్డు తెరుచుకోక "ఫార్మాట్ చేయమంటారా?" అని కెమెరా అడిగితే, సరే అని నొక్కకండి. కార్డు తీసి విడిగా దాచండి. ఊరెళ్ళాక కంప్యూటరులో ఫొటోలు వెనక్కి తెచ్చే ఉపాయాలున్నాయి. ఆ కార్డు మీద కొత్త ఫొటోలు తీస్తే మాత్రం పాతవాటి మీద ఆశ వదులుకోవాల్సిందే.

అమెరికా వెళ్ళే తల్లులకి

అక్కడి చలి మన చలిలాంటిది కాదు. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 30 డిగ్రీల దాకా పడిపోయింది. అక్కడివాళ్ళ లెక్కలో మైనస్ 23 ఫారెన్‌హీట్. అలాంటి రోజున బయట ఫోను నిమిషాల్లో ఆరిపోవచ్చు. మనవడితో మంచులో ఫొటో కావాలంటే ముందు అంతా సిద్ధం చేసుకుని, ఫోను కోటు లోపలి జేబులోంచి తీయడం, రెండు ఫొటోలు, మళ్ళీ లోపల పెట్టేయడం. రాత్రిపూట కెమెరాగానీ, ఫోనుగానీ కారులో వదిలేయకండి. ఇంకో మాట, కారు ఆగిపోయినా దారి తప్పినా కబురు చెప్పాల్సింది ఆ ఫోనే. ఫొటోల మోజులో దాన్ని చలికి ఆర్పేసుకోకూడదు.

బయల్దేరేముందు

కొండమీదికి వెళ్ళేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకీ సుమారు 6 డిగ్రీలు తగ్గుతుందని ఒక లెక్క. కింద హృషీకేశ్‌లో చెమట పట్టింది కదా అని, కేదారనాథ్‌లో అలాగే ఉంటుందనుకోవద్దు. అది 11,700 అడుగుల పైచిలుకు. కనుక ఇవి సర్దుకోండి:

– అదే రకం బ్యాటరీ అదనంగా ఒకటి, చార్జరు
– చిన్న గుడ్డసంచి, రొంటిన దోపుకోవడానికి
– కెమెరా పట్టేంత జిప్ కవర్లు రెండు
– సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు
– మెత్తటి బ్రష్షు, ఉతికిన నూలుగుడ్డ
– అదనంగా ఒక మెమరీ కార్డు

వారం ముందే బ్యాటరీలు రెండూ పూర్తిగా చార్జి చేసి, ఇంట్లో ఎన్ని ఫొటోలు వస్తున్నాయో చూసుకోండి. ఇక్కడే నీరసంగా ఉన్న పాత బ్యాటరీ అక్కడ అసలు నిలబడదు. ఉబ్బినట్టు కనబడితే వాడనేకూడదు. "చలికి తట్టుకుంటుందో లేదో" అని కెమెరాని ఫ్రిజ్‌లో పెట్టి పరీక్ష చేసే మహానుభావులు మీ ఇంట్లో ఉంటే ముందే ఆపండి. బయటికి తీయగానే చెమట పట్టేది అక్కడే!

వెచ్చటి బ్యాటరీ వేసి, గదిలో ఒక రోజంతా ఆరబెట్టాక కూడా కెమెరా లేవకపోతే, అప్పుడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. చలిలో తిరిగిందని, ఏ గుర్తు చూపించిందని ఉన్నదున్నట్టు చెప్పండి. అంతకుముందు మాత్రం ఎవరూ "పోయింది" అని తీర్పు చెప్పనివ్వకండి.

ఒక్క చివరి మాట. కొండమీద దేవుడి ముందు, మంచులో మనవడి పక్కన, కెమెరా ఆగిపోయిందని అందరూ చేతులు దులుపుకుంటుంటే మీరు తొందరపడకండి. రొంటినుంచి వెచ్చటి బ్యాటరీ తీసి ఇవ్వండి. అలాగే, ఆ ఫొటోలో మీరు కూడా నిలబడండి! ఎప్పుడూ సంచి పట్టుకుని పక్కన ఉండిపోతే, రేపు ఆల్బమ్‌లో మీరెక్కడని పిల్లలు వెతుక్కోవాలి.

మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. అందాకా చలికి చెవులు కప్పుకోండి, బ్యాటరీని కూడా కప్పండి. సెలవు.